మతి తప్పినా మనిషే: డిమెన్షియా సంరక్షణలో కులం ప్రశ్న

ఏటా సెప్టెంబర్ 21న ప్రపంచ అల్జీమర్స్ దినం జరుపుతారు. పెద్ద ఆసుపత్రుల్లో సదస్సులు, పార్కుల్లో అవగాహన నడకలు, పత్రికల్లో ప్రత్యేక వ్యాసాలు ఉంటాయి. కొన్నేళ్ళుగా వీటన్నిటిలో ఒక మాట తరచుగా వినిపిస్తోంది: వ్యక్తి కేంద్రిత సంరక్షణ. అంటే జబ్బును కాదు, జబ్బు వచ్చిన మనిషిని చూడాలి. ఆ మనిషి బతికిన బతుకు, అలవాట్లు, ఇష్టాయిష్టాలు తెలుసుకొని వాటికి తగ్గట్టు చూసుకోవాలి.

మంచి మాటే. కానీ మన దేశంలో 'మనిషి' అనే మాట దగ్గరే అసలు తగాదా ఉంది. ఎవరు మనిషి, ఎవరు పూర్తి మనిషి కాదు అన్నది ఇక్కడ కులం తేల్చింది. కాబట్టి వ్యక్తి కేంద్రిత సంరక్షణ పనిచేస్తుందా అని అడిగేవాళ్ళు, ఏ వ్యక్తి కేంద్రంగా, ఎవరి చేతుల మీదుగా అని కూడా అడగాలి. ఈ పద్ధతి ఫలితాలిస్తుందని చెప్పడానికి గట్టి ఆధారాలున్నాయి. అయితే మంచం మీదున్న మనిషికీ, మంచం పక్కన నిలబడ్డ మనిషికీ సమాన విలువ ఉన్నప్పుడే ఆ ఫలితాలు వస్తాయి. కులాన్ని పక్కనబెట్టి ఆ సమానత్వం తేలేమన్నది నా వాదన.

కిట్‌వుడ్ జాబితాలో మన ఊరు

ఈ ఆలోచనకు సిద్ధాంత రూపం ఇచ్చినవారు బ్రిటన్‌లోని బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన టామ్ కిట్‌వుడ్. 1997లో 'డిమెన్షియా రీకన్సిడర్డ్' పుస్తకం వచ్చింది. మరుసటి ఏడాదే ఆయన చనిపోయారు. అప్పట్లో వైద్యరంగం డిమెన్షియాను మెదడు కణాల నాశనంగా మాత్రమే చూసేది. మెదడు దెబ్బతినడం నిజమేగానీ, రోగి దిగజారిపోవడంలో చుట్టూ ఉన్నవాళ్ళ ప్రవర్తనకు కూడా వాటా ఉందని కిట్‌వుడ్ చూపించారు. రోగిని మనిషి స్థాయి నుంచి కిందికి లాగే 17 రకాల ప్రవర్తనలను జాబితాగా ఇచ్చారు. చిన్నపిల్లల్లా చూడడం, ముద్ర వేయడం, బెదిరించడం, వెలివేయడం, వస్తువును ఎత్తి దించినట్టు ఎత్తి దించడం, ఎదురుగా ఉన్నా లేనట్టు మాట్లాడుకోవడం, ఎగతాళి చేయడం, అందుకోలేనంత వేగంగా పనులు తోసుకుపోవడం వంటివి అందులో ఉన్నాయి.

దళితవాడలో పుట్టి పెరిగిన ఎవరైనా ఈ జాబితా చదివితే ఒక క్షణం ఆగిపోతారు. అరవై ఏళ్ళ మనిషిని దొర ఇంటి పదేళ్ళ పిల్లవాడు 'ఒరేయ్' అని పిలవడం, ఊరికి అవతల ఉంచడం, పేరుకు బదులు కులం పెట్టి పిలవడం, ఎదురుగా నిలబడ్డా చూడనట్టు పోవడం. ఇంగ్లండ్ నర్సింగ్ హోమ్‌లలో డిమెన్షియా రోగులకు జరుగుతోందని కిట్‌వుడ్ రాసినవన్నీ మన పల్లెల్లో నిండు తెలివితో ఉన్న మనుషులకు తరతరాలుగా జరిగాయి. ఇంకో పోలిక కూడా ఉంది. ఇవి చేసేవాళ్ళు చాలామంది చెడ్డవాళ్ళు కారని, దుర్బుద్ధి లేకుండానే అలవాటుగా చేస్తారని కిట్‌వుడ్ అన్నారు. 'మాకు కులపట్టింపు లేదండీ' అంటూనే పనిమనిషికి వేరే గ్లాసు పెట్టే ఇళ్ళు మనకు కొత్త కాదు.

అయితే కిట్‌వుడ్‌తో మనకు ఒక పేచీ ఉంది. ఆయన దృష్టిలో వ్యక్తిత్వం అనేది సంబంధాల మధ్య ఇతరులు మనకిచ్చే స్థానం. జ్ఞాపకశక్తి పోతే మనిషి విలువ పోతుందనే వాదనను ఓడించడానికి ఆయనకు ఈ నిర్వచనం పనికొచ్చింది. కానీ ఇతరులు ఇచ్చేదాన్ని ఇతరులు ఇవ్వకుండా కూడా ఉండవచ్చు. అంటరానితనం అంటే అదే కదా! బాబాసాహెబ్ అంబేడ్కర్ గౌరవాన్ని దయగా అడగలేదు, హక్కుగా రాజ్యాంగంలో రాయించారు. రాజకీయాల్లో ఒక మనిషికి ఒక విలువ ఉండి, సామాజిక ఆర్థిక జీవితంలో ఆ విలువ లేకపోతే ఆ వైరుధ్యం ప్రజాస్వామ్యాన్నే పేల్చేస్తుందని 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో హెచ్చరించారు. డిమెన్షియా అధ్యయనాల్లోనూ తర్వాతి తరం ఈ దిశకే వచ్చింది. రూత్ బార్ట్‌లెట్, డెబోరా ఓ'కానర్ 2007లో రాస్తూ వ్యక్తిత్వం అనే భావన ఒక్కటే చాలదని, డిమెన్షియా ఉన్నవాళ్ళను పౌరులుగా చూడాలని వాదించారు. మనకు పనికొచ్చే దారి ఇదే. రోగి మనిషిగా ఉండడం మన మంచితనం మీద ఆధారపడకూడదు.

ఆధారాలు ఏం చెబుతున్నాయి

ఈ పద్ధతి పోయిన జ్ఞాపకాన్ని వెనక్కి తీసుకురాదు, జబ్బును నయం చేయదు. అది ఇచ్చేది వేరే. రోగిలో కలవరం, కేకలు, భయం తగ్గుతాయి. మత్తులో ఉంచే మందుల అవసరం తగ్గుతుంది. మిగిలిన జీవితం కాస్త మెరుగ్గా గడుస్తుంది.

2006లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక పరిశోధన లండన్, న్యూకాసిల్, ఆక్స్‌ఫర్డ్ ప్రాంతాల్లోని 12 నర్సింగ్ హోమ్‌లలో జరిగింది. సగం చోట్ల సిబ్బందికి శిక్షణ, నిరంతర తోడ్పాటు ఇచ్చారు. ఏడాది తర్వాత అక్కడ యాంటీసైకోటిక్ మందులు వాడుతున్న రోగులు 23 శాతం, మామూలు హోమ్‌లలో 42.1 శాతం. మందులు తగ్గించినందువల్ల రోగుల కలవరం పెరగలేదు. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో ఈ మందులు మరణ ప్రమాదాన్ని పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. 2009లో సిడ్నీలోని 15 కేంద్రాల్లో 289 మందితో జరిగిన అధ్యయనంలో వ్యక్తి కేంద్రిత సంరక్షణ వల్ల రోగుల కలవరం తగ్గింది. 2018లో బ్రిటన్‌లో 69 హోమ్‌లు, 847 మంది రోగులతో జరిగిన 'వెల్డ్' పరిశోధనలో ఈ పద్ధతికి రోగితో ముచ్చటించే సమయాన్ని జోడించారు. తొమ్మిది నెలల్లో జీవన నాణ్యత మెరుగైంది, కలవరం తగ్గింది, పైగా ఖర్చు కూడా తగ్గింది. ఫలితాలు భారీవి కావు, కానీ నిజమైనవి.

పనిచేయని సందర్భం కూడా ఉంది. నాకు అది ఇంకా ముఖ్యం. రోగుల అనుభవాన్ని గంటల తరబడి గమనించి సంరక్షణను మార్చుకునే 'డిమెన్షియా కేర్ మ్యాపింగ్' అనే పద్ధతిని ఇంగ్లండ్‌లో 50 హోమ్‌లలో పరీక్షించారు. 2020లో వెలువడిన ఫలితం ప్రకారం రోగుల కలవరంలో తేడా రాలేదు. ఎందుకు? ఆ పనిని హోమ్ సిబ్బందే స్వయంగా నడపాలన్నారు. చాలా హోమ్‌లు అనుకున్నన్నిసార్లు చేయలేకపోయాయి. సమయం చాలలేదు, శిక్షణ పొందినవాళ్ళు ఉద్యోగాలు వదిలి వెళ్ళారు. అంటే పద్ధతి ఎంత గొప్పదైనా, దాన్ని మోసే మనిషికి తీరిక, నిలకడ, మద్దతు లేకపోతే అది కాగితం మీదే ఉంటుంది.

మన దగ్గరి పరిస్థితి వేరు. ఇక్కడ డిమెన్షియా రోగుల్లో అత్యధికులు ఇంట్లోనే ఉంటారు. అందుకే గోవాలో సంగాత్ సంస్థ చేసిన పరిశోధన మనకు విలువైనది. 2008లో ప్రచురితమైన ఈ పరిశోధనలో 81 కుటుంబాలు పాల్గొన్నాయి. ఇంటికి వెళ్ళి సలహా, తోడు ఇచ్చినవాళ్ళు డాక్టర్లు కారు. స్థానిక భాష వచ్చి, ఇంటర్ స్థాయి చదువుండి, వారం రోజుల శిక్షణ పొందిన మామూలు మనుషులు. రోగిని చూసుకునేవాళ్ళ మానసిక ఆరోగ్యం స్పష్టంగా మెరుగుపడింది. పెద్ద ఆసుపత్రులు, ఖరీదైన కేంద్రాలు లేకపోయినా ఈ పని మొదలుపెట్టవచ్చని దీనివల్ల తేలింది.

ముందు లెక్కలోకి రావాలి కదా

2023లో ప్రచురితమైన లాసి-డాడ్ అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్ళు పైబడినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. స్త్రీలలో, పల్లెల్లో, చదువు లేనివారిలో ఎక్కువ. ఈ మూడూ కలిసేది ఎక్కడో మనకు తెలుసు.

చదువు సంగతే చూద్దాం. డిమెన్షియా ముప్పును పెంచే, నివారించదగిన 14 కారణాలను లాన్సెట్ కమిషన్ 2024లో పేర్కొంది. అందులో మొదటిది చిన్నతనంలో చదువు అందకపోవడం. 1961 జనాభా లెక్కల నాటికి షెడ్యూల్డ్ కులాల అక్షరాస్యత 10.27 శాతం. ఎస్సీ స్త్రీలలో 3.29 శాతం మాత్రమే. ఆ రోజు బడి గడప తొక్కనివ్వని ఆడపిల్లలే ఈ రోజు డెబ్బై, ఎనభై ఏళ్ళ ముసలమ్మలు. బడి తలుపు మూసిన సమాజమే ఇప్పుడు ఆ ముప్పును వాళ్ళ 'నిరక్షరాస్యత' ఖాతాలో రాస్తోంది.

పరీక్ష దగ్గర మళ్ళీ అదే గోడ. జ్ఞాపకశక్తిని కొలవడానికి 1975 నుంచి ప్రపంచమంతా వాడుతున్న మినీ మెంటల్ పరీక్షలో 30 మార్కులు. అందులో ఒక వాక్యం చదవాలి, ఒక వాక్యం రాయాలి, బొమ్మ చూసి గీయాలి, వంద నుంచి ఏడేసి తీసేస్తూ పోవాలి. పలక పట్టని మనిషి ఆరోగ్యంగా ఉన్నా ఇందులో తప్పుతుంది. ఈ చిక్కును గుర్తించే హరియాణాలోని బల్లభ్‌గఢ్‌లో నిరక్షరాస్యుల కోసం హిందీలో వేరే పరీక్ష తయారుచేశారు. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం ఇంకో మెట్టు ఎక్కింది. రెండు భాషలు మాట్లాడేవాళ్ళలో జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని, చదువు లేనివాళ్ళలోనూ ఈ మేలు కనిపించిందని తేల్చింది. బడికి పోని మెదడు ఖాళీ మెదడు కాదని ఇంతకన్నా బాగా ఎవరు చెప్పగలరు? అయినా మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో దళితవాడ ముసలమ్మకు దొరికేది పరీక్ష కాదు, 'వయసైపోయింది, అంతేలే' అనే మాట.

ఇంకొందరు ఆ వయసుదాకా రారు. తొమ్మిది ఉత్తరాది, తూర్పు రాష్ట్రాల సమాచారంతో 2022లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, సవర్ణ హిందువులతో పోలిస్తే దళితుల ఆయుర్దాయం మూడేళ్ళకు పైగా, ఆదివాసులది నాలుగేళ్ళకు పైగా తక్కువ. ముసలితనం కూడా ఇక్కడ కులం లెక్కన పంచినదే.

ఎవరి జీవితకథ?

వ్యక్తి కేంద్రిత సంరక్షణలో ముఖ్యమైన పనిముట్టు జీవితకథ. రోగి చిన్నతనం, ఊరు, ఉద్యోగం, ఇష్టమైన పాట, పండుగ, వంట అన్నీ రాసి పెట్టుకొని, వాటి ఆధారంగా మాట కలపాలంటారు. ఆ ఫారాల్లో ఉండే ప్రశ్నలు తీపి జ్ఞాపకాల కోసం వెతుకుతాయి. గతం అంటే తలుచుకోదగినదే అనే నమ్మకం వాటి వెనుక ఉంది.

మా నాయనమ్మ పల్నాటి మాలపల్లె మనిషి. ఎనభై దాటాక కొడుకుల పేర్లు మరచిపోయింది. గ్లాసుతో నీళ్ళిస్తే అందుకునేది కాదు. వంగి దోసిలి పట్టేది, పైనుంచి పోయమని. కుర్చీ వేస్తే దాని పక్కన నేల మీద కూర్చునేది. కొత్త మనిషి గుమ్మంలో కనిపిస్తే పైట సర్దుకొని లేచి నిలబడేది. ఆమెకు డిమెన్షియా అని ఏ డాక్టరూ పేరు పెట్టలేదు, అందరూ చాదస్తమన్నారు. మనుషులూ పేర్లూ అన్నీ రాలిపోయాక కూడా కులం నేర్పిన ఒంటి వంపు మాత్రం ఆమెలో మిగిలింది.

రోగి ఉన్న లోకాన్ని కాదనవద్దు, వాళ్ళ అలవాట్లను గౌరవించండి అని సంరక్షణ పుస్తకాలు చెబుతాయి. మరి ఈ అలవాటును గౌరవించడమంటే పైనుంచి నీళ్ళు పోయడమా? 'నువ్వు అలా ఉండనక్కర్లేదు' అని ప్రతిసారీ సరిదిద్దితే ఆమె బెదిరిపోయేది. మా పిన్నమ్మ ఏ శిక్షణా లేకుండా ఒక దారి కనిపెట్టింది. తనూ నేల మీద ఎదురుగా కూర్చొని, ఆమె పట్టిన దోసిట్లోనే గ్లాసు నిలబెట్టి, కింద తన చేతులు ఆనించి తాగించేది. ఆమె భంగిమను కాదనలేదు, అవమానాన్ని తిరిగి ఆడించనూ లేదు. నా దృష్టిలో వ్యక్తి కేంద్రిత సంరక్షణ అంటే ఇది. కానీ దీనికి ఆ దోసిలి వెనుక ఏముందో తెలిసి ఉండాలి. కులం గురించి అడగని ఫారం దాన్ని 'వింత ప్రవర్తన' అని రాసుకుంటుంది.

డిమెన్షియా రోగులు తరచుగా అనే మాట 'ఇంటికి పోతాను'. సొంతింట్లో ఉన్నా అంటారు. 1985లో కారంచేడు నుంచి చీరాలకు, 1991లో చుండూరు నుంచి తెనాలికి ప్రాణాలు అరచేత పట్టుకొని వెళ్ళిన దళితుల్లో అప్పుడు ముప్పైల్లో ఉన్నవాళ్ళు ఇప్పుడు ముసలితనంలో ఉన్నారు. వాళ్ళలో ఒకరు సాయంత్రం పూట ఇంటికి పోతానంటే ఏ ఇంటికి? రాత్రి వీధిలో కేకలు వినబడి మంచం కింద దాక్కుంటే అది భ్రమా, జ్ఞాపకమా? ఆ చరిత్ర తెలియని సంరక్షకుడు మాత్ర ఇస్తాడు. తెలిసినవాడు ముందు తలుపు గడియ వేసి, పక్కన కూర్చుంటాడు.

మంచం పక్కన నిలబడ్డ మనిషి

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం నగరాల్లో స్థితిమంతుల ఇళ్ళలో డిమెన్షియా రోగులను చూసుకునేది ఏజెన్సీలు పంపే ఆయాలు, అటెండెంట్లు. పన్నెండు గంటల డ్యూటీ లేదా ఇరవైనాలుగు గంటలూ అక్కడే ఉండే డ్యూటీ. స్నానం చేయించడం, మలమూత్రాలు ఎత్తడం, తినిపించడం, రాత్రి మేలుకోవడం. ఈ పనిలోకి వచ్చేవాళ్ళలో పెద్ద భాగం దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల స్త్రీలు, దళిత క్రైస్తవ స్త్రీలు. ఇది యాదృచ్ఛికం కాదు. కులం అనేది శ్రమ విభజన కాదు, శ్రామికుల విభజన అని బాబాసాహెబ్ 1936లోనే తేల్చి చెప్పారు. ఒంటి మురికిని ముట్టుకునే పని ఎవరిదో ముందే నిర్ణయించిన సమాజం, ఇప్పుడు దానికి 'కేర్' అని పేరు మార్చి అదే చేతులకు అప్పగించింది.

నాకు తెలిసిన ఒక ఆయా ఖమ్మం వైపు నుంచి హైదరాబాద్ వచ్చింది. మెడలో శిలువ తీసేసి, బొట్టు పెట్టుకొని వెళ్ళమని ఏజెన్సీ చెప్పింది. ఆమె చూసుకున్న పెద్దావిడ స్నానం చేయించేటప్పుడల్లా కులం పేరుతో తిట్టేది, ఆమె చేతి నీళ్ళు విసిరికొట్టేది. ఇంట్లోవాళ్ళు 'ఆమెకు తెలియదమ్మా, జబ్బు మాట్లాడిస్తోంది, మనసులో పెట్టుకోకు' అనేవారు. ఆ ఆయా నాతో అన్న మాట: 'జబ్బు ఆమెదే అన్నా. కానీ ఆ మాట ఆమెకు జబ్బు నేర్పలేదు కదా.'

ఈ వాక్యానికి సంరక్షణ పుస్తకాల్లో జవాబు లేదు. డిమెన్షియా మెదడు మీద ఉండే అదుపును సడలిస్తుంది, అంతే. సడలినప్పుడు బయటపడేది ఆ మనిషి పెరిగిన ఇల్లు, వీధి, కులం. రోగిని శిక్షించాలని నేను అనడం లేదు, ఆమె బాధ్యత వహించే స్థితిలో లేదు. కానీ కుటుంబం, ఏజెన్సీ ఆ స్థితిలోనే ఉన్నాయి. రోగి వ్యక్తిత్వాన్ని కాపాడే పేరుతో సంరక్షకురాలి వ్యక్తిత్వాన్ని తుడిచేస్తే, పేరూ శిలువా దాచుకొని తిట్లు మింగమంటే, అక్కడ కేంద్రంలో ఉన్నది వ్యక్తి కాదు, కులం. పైగా అలాంటి చోట సంరక్షణ కూడా నిలవదు. ఇంగ్లండ్‌లో 50 హోమ్‌ల పరిశోధన నేర్పిన పాఠం ఇదే: సిబ్బంది నిలవని చోట ఏ పద్ధతీ పనిచేయదు. అవమానం, తక్కువ కూలి, నిద్రలేమి భరించలేక ఆయా మూడు నెలలకు మానేస్తే, రోగికి మళ్ళీ కొత్త ముఖం, కొత్త చేతులు, కొత్త భయం.

చట్టం కూడా ఆమె వైపు గట్టిగా లేదు. ఇంటిపని కార్మికుల హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒప్పందాన్ని భారత్ ఇంకా ఆమోదించలేదు. ఇంటిపనివారికి ప్రత్యేక చట్టం అవసరాన్ని పరిశీలించమని సుప్రీంకోర్టు 2025 జనవరిలో కేంద్రానికి చెప్పాల్సి వచ్చింది.

ఏం అడగాలి

మొదటిది, తెలుగులో నిరక్షరాస్యులకు కూడా సరిపోయే జ్ఞాపకశక్తి పరీక్ష ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండాలి. 2016 వైకల్య హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో డిమెన్షియాను పేరు పెట్టి చేర్చాలి. సర్టిఫికెట్ లేనిదే సాయం లేని దేశంలో పేరు లేకపోతే మనిషీ లేనట్టే. ఎనభై లోపు వృద్ధుల పింఛనులో కేంద్రం వాటా నెలకు 200 రూపాయలే. అది సంరక్షణ కాదు, ఎగతాళి.

రెండోది, గోవా నమూనాలో వాడల నుంచే ఇంటి సంరక్షణ సలహాదారులను తీసుకోవాలి. కానీ ఆశా కార్యకర్తలకు చేసినట్టు 'స్వచ్ఛంద సేవ' అని పేరు పెట్టి, జీతానికి బదులు ప్రోత్సాహకాలతో సరిపెట్టకూడదు. జీతం, ఉద్యోగ భద్రత ఉండాలి.

మూడోది, ఆయాలకు కనీస వేతనం, వారాంతపు సెలవు, పని గంటల పరిమితి ఉండాలి. కుల దూషణ జరిగినప్పుడు ఏజెన్సీ ఏం చేయాలో ఒప్పందంలోనే రాసి ఉండాలి. వేరే గ్లాసు, వేరే కంచం పెట్టే ఇంటికి మనిషిని పంపకూడదు.

నాలుగోది విశ్వవిద్యాలయాల్లో ఉన్న మనకు. సోషల్ వర్క్, సైకాలజీ, నర్సింగ్, పబ్లిక్ హెల్త్ చదివే బహుజన విద్యార్థులు ఈ రంగంలోకి రావాలి. కిట్‌వుడ్‌ను అంబేడ్కర్ పక్కన పెట్టి చదవాలి. జీవితకథ ఫారంలో కులం, వెలి, వలస, దాడి అనుభవాలకు చోటు కల్పించే పరిశోధన మనమే చేయాలి. వాడల్లో మిగిలిన ముసలివాళ్ళ మాటలు వాళ్ళకు గుర్తున్నప్పుడే రాసి పెట్టుకోవాలి. అది చరిత్రా అవుతుంది, రేపటి సంరక్షణకు సాధనమూ అవుతుంది.

జ్ఞాపకం ఉన్నప్పుడే మనిషిగా చూడని సమాజం జ్ఞాపకం పోయాక చూస్తుందనుకోలేం. డిమెన్షియా ఉన్నవాళ్ళు, వాళ్ళను చూసుకునేవాళ్ళు ఇద్దరూ ఈ దేశంలో ఒక్కొక్క ఓటున్న పౌరులు. ఆ ఓటుకున్న సమాన విలువ స్నానాల గదిలో, మంచం పక్కన, నీళ్ళ గ్లాసు దగ్గర కూడా ఉండాలి. వ్యక్తి కేంద్రిత సంరక్షణ మన దగ్గర పనిచేసిందా లేదా అన్నది అక్కడే కొలవాలి.